బ్రాందీ అంటే ఏమిటో అమ్మకు చదివి చెప్పిన రోజు

మా అమ్మ పేరు చెబితే కాలనీలో తాగేవాళ్ళకు హడల్. రాయ్‌పూర్‌లో మేముండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ అంటే వ్యాగన్లు బాగుచేసే రైల్వే వర్క్‌షాపు వాళ్ళ కాలనీ. జీతాల రోజు సాయంత్రం తూలుకుంటూ వచ్చే మగవాళ్ళు మా క్వార్టరు దగ్గరికి వచ్చేసరికి నడక సరిచేసుకునేవారు. సరిచేసుకోనివాడికి అమ్మ చేతిలో చీపురు కనబడేది. తెలుగువాడైతే తెలుగులో, కాకపోతే హిందీలో దులిపేసేది. ఆవిడ హిందీలో ఆడా మగా తేడా ఉండదు గానీ తిట్లు మాత్రం ఒక్క తప్పు లేకుండా వచ్చేవి. ఎవరింట్లోనైనా పెళ్ళికి వెళ్ళినప్పుడు షామియానా వెనక గ్లాసుల చప్పుడు వినబడితే చాలు, చదివింపులు చేతిలో పెట్టి, తినకుండా మమ్మల్ని లాక్కుని వచ్చేసేది. పూరీలు వేగుతున్న వాసన వదిలి ఇంటికి వచ్చి చల్లన్నం తిన్న కడుపుమంట నాకు ఇప్పటికీ ఉంది.

దానికి కారణం ఉంది. అమ్మది భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డున చిన్న పల్లె. వాళ్ళ నాన్న సారా తాగి తాగి, కడుపు ఉబ్బి, అమ్మకు ఇంకా పెళ్ళీడు రాకుండానే పోయాడు. పెళ్ళిచూపుల్లో అమ్మ మా నాన్నను అడిగింది ఒక్కటే ప్రశ్న, తాగుతారా అని. లేదన్నాడు. ఆ మాట మీదే ఆవిడ రైలెక్కి ఊరుకాని ఊరు వచ్చింది. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. తోటివాళ్ళు ఎంత వెక్కిరించినా ఆ మాట నిలబెట్టుకున్నాడు.

అలాంటి ఇంట్లో, అలమారా పై అరలో, హారతి కర్పూరం డబ్బాకూ తేనె సీసాకూ మధ్యన ఎప్పుడూ ఒక బ్రాందీ సీసా ఉండేది.

చదువుతుంటే మీకు నవ్వు రావచ్చు. మాకు ఎప్పుడూ రాలేదు. వానలో తడిసి వస్తే గుండెకూ అరికాళ్ళకూ బ్రాందీ రాసేవారు. పెద్దవాళ్ళకు ఒళ్ళు నొప్పులంటే వేడినీళ్ళలో ఒక మూతెడు పోసి ఇచ్చేవారు. బాలింతకు శొంఠి ముద్ద ఎలాగో, సాయంత్రం పూట బ్రాందీ కలిపిన వేడినీళ్ళు కూడా అలాగే. కాలనీలో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో చాలాచోట్ల ఇదే పద్ధతి. లేనివాళ్ళు గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చి, "వదినా, పిల్లాడికి రొంప పట్టేసింది, ఒక్క మూత బ్రాందీ ఉంటే పొయ్యవా" అని అడిగేవారు. అమ్మ వాళ్ళ గిన్నెలో పోసి, ఎలా రాయాలో కూడా చెప్పి పంపేది. తాగుబోతును చీపురుతో తరిమి, చేతులు కడుక్కుని లోపలికొచ్చి, ఆ చేతుల్తోనే మా గుండెకు బ్రాందీ రాసిన సాయంత్రాలు నాకు గుర్తున్నాయి. ఆ వాసన వస్తే నాకు ఇప్పటికీ ముందు నిద్రే వస్తుంది.

సీసా తెచ్చేది నాన్న. పేపర్లో చుట్టి, కూరగాయల సంచిలో అడుగున పెట్టి తెచ్చి, సంచి అమ్మకిచ్చి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవాడు. ఎక్కడ కొన్నాడో, అక్కడ ఎవరెవరు నిలబడి ఉన్నారో ఎప్పుడూ చెప్పేవాడు కాదు. అమ్మ అడిగేదీ కాదు. ఆవిడ దృష్టిలో అది దొరల కాలం నాటి మందు. వెనకటికి ఎక్కడో ఒక కాంపౌండరు ఇచ్చేవాడట, మా నాయనమ్మ చెప్పిందట. అంతకు మించి రుజువు అక్కర్లేదు.

రాయ్‌పూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయి ఏడెనిమిదేళ్ళయిన చలికాలంలో నాకు కూతురు పుట్టింది. అప్పటికి నేను ఊళ్ళోనే తెలీబంధా దగ్గర ఒక స్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. మా ఆయన ఊరి బయట ఒక ఇనుము ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేసేవాడు, వారానికొకసారి వచ్చి పిల్లను చూసి వెళ్ళేవాడు. పురుడు పుట్టింట్లోనే. సెలవు అయిపోయాక పిల్లను పగటిపూట అమ్మ దగ్గర వదిలి నేను ఉద్యోగానికి వెళ్ళాలని ముందే అనుకున్నాం. అమ్మ తప్ప నాకు వేరే దిక్కు లేదు. అమ్మ ఉండగా వేరే దిక్కు ఎందుకని కూడా అనుకునేదాన్ని.

పిల్లకు రెండో నెల నడుస్తోంది. ఆ ఏడు చలి గట్టిగా పట్టింది. పిల్లకు ముక్కు మూసుకుపోయి, పాలు తాగలేక, రాత్రీ పగలూ ఒకటే ఏడుపు. మూడో రోజు మధ్యాహ్నం నేను తలస్నానం చేసి బయటికి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పిల్ల అమ్మ ఒళ్ళో నిద్రపోతోంది. పక్కన ఉగ్గుగిన్నె.

"ఏటి పట్టావమ్మా?"

"సర్దీ మందు. గుండెకి రాస్తే లొంగలేదని తేనెలో కలిపి ఇంత పట్టాను. సూడు, ఎలగ పడుకుందో. నువ్వూ నడుం వాల్చు."

ప్రాణం లేచొచ్చింది. మంచం మీద పడి నిద్రపోయాను.

నేను లేచేసరికి ఎండ గోడ ఎక్కింది. పిల్ల ఇంకా పడుకునే ఉంది. పాలకు లేపుదామని బుగ్గ తట్టాను. లేవలేదు. అరికాలు గిల్లాను. ముఖం చిట్లించను కూడా లేదు. చెయ్యి ఎత్తి వదిలితే పడిపోయింది. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. ఊపిరి ఉంది, కానీ ఒకటి వచ్చి రెండోది రావడానికి ఎంత ఆలస్యం చేస్తోందంటే, ఆ మధ్యలో నేను నా ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. "అమ్మా!" అని నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు వచ్చేశారు. పిల్ల మాత్రం కదల్లేదు.

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన నాన్న సైకిల్ అలాగే వదిలేసి ఆటోకు పరిగెత్తాడు. పిల్లల ఆస్పత్రికి వెళ్ళేదాకా అమ్మ పిల్ల కాళ్ళు రుద్దుతూనే ఉంది, "ఠండ్ పట్టేసినాది, ఠండ్ పట్టేసినాది" అంటూనే ఉంది.

డాక్టరమ్మ నా వయసుదే. పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, మడమ దగ్గర సూదితో పొడిచి రక్తపు చుక్క తీసింది. షుగర్ బాగా పడిపోయిందని నర్సుకు చెప్పి గ్లూకోజ్ ఎక్కించమంది. తర్వాత వంగి పిల్ల నోటి దగ్గర వాసన చూసింది. మళ్ళీ చూసింది. తలెత్తి మమ్మల్ని అడిగింది.

"బచ్చీ కో దారూ పిలాయీ హై క్యా?"

నర్సు ఆరంగ్ వైపు పల్లె మనిషి. డ్రిప్పు సరిచేస్తూ ఆవిడ కూడా అమ్మ వైపు తిరిగి తన పల్లె భాషలో, "కా దాయీ, నోనీ లా దారూ పియా దేహవ్?" అంది. చంటిపిల్లకు సారా పట్టించారా అమ్మా, అని.

అమ్మ మొహం జేవురించింది. కాలనీలో చీపురు పట్టుకున్నప్పుడు వచ్చే గొంతే అక్కడా వచ్చింది.

"దారూ? మేరే ఘర్ మే దారూ? పూరా కాలనీ కో పూఛో! దారూ పీనేవాలే కో మై ఘర్ కా పానీ నహీ దేతా!" తాగేవాడికి మా ఇంటి మంచినీళ్ళు కూడా ఇవ్వనని.

"తో ఫిర్ ఏ బాస్ కిస్ కీ హై?" మరి ఈ వాసన దేనిదని డాక్టరమ్మ అడిగింది.

"సర్దీ కా దవాయి."

"కౌన్ సీ దవాయి? బోతల్ లాయియే."

సీసా తెమ్మంది. అమ్మ నాన్నకు గుర్తులు చెప్పింది, "పై అర, కర్పూరం డబ్బా పక్కన." నాన్న ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూసి బయటికి నడిచాడు. ఆయన వెళ్ళి వచ్చేదాకా అమ్మ ఛాతీ విరుచుకునే నిలబడి ఉంది. నేను ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాను. నాకు అప్పటికి కూడా వెలగలేదు. నమ్మండి, నమ్మకపోండి. బి.ఎ. చదివినదాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, బ్రాందీ తాగి రోడ్డు పక్కన పడిపోయినవాళ్ళను చూసినదాన్ని. ఆ బ్రాందీ, మా అలమారాలోని బ్రాందీ ఒకటేనని నాకు ఆ పూటదాకా తోచలేదు.

నాన్న పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు. విప్పలేదు. అమ్మే విప్పింది. చిన్నపిల్లల తూకం యంత్రం పక్కన, పోలియో చుక్కల కాగితాల మీద, బ్రాందీ సీసా నిలబడింది. పిల్లల్ని ఎత్తుకుని వరసలో ఉన్న తల్లులందరూ మెడలు చాచి చూశారు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏ దారూ హై," అంది డాక్టరమ్మ మెల్లగా.

"దారూ నహీ, మేడమ్," అమ్మ తప్పు దిద్దింది. "బ్రాందీ హై."

అప్పుడు వెలిగింది నాకు. డాక్టరమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఎప్పుడు పట్టారు, ఎంత పట్టారు, నీళ్ళు కలిపారా లేదా అని అడిగి రాసుకుంది. ఉగ్గుగిన్నెలో ఎంతవరకు పోసిందో అమ్మ వేలితో చూపించింది, ఏమాత్రం తడబడకుండా. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఈ పిల్ల లేచేది కాదని, ఈ వయసులో ఆ నిద్ర నిద్ర కాదని డాక్టరమ్మ నాతో చెప్పింది. నాన్న బయటికి వెళ్ళి ఆటో స్టాండు దగ్గర అరుగు మీద కూర్చున్నాడు. మా ఆయన షిఫ్టు మధ్యలో వచ్చేదాకా అక్కడి నుంచి లేవలేదు.

మర్నాడు పొద్దున్న పిల్ల కళ్ళు తెరిచి కెవ్వుమంది. ఆ ఏడుపు వినగానే ఎత్తుకుని పాలు పట్టాను. ఇంకొక రోజు ఉంచి ఇంటికి పంపేశారు. బయల్దేరేటప్పుడు సంచీలు సర్దుకుంటుంటే అమ్మ వెనక్కి వెళ్ళింది. ఏమైనా మర్చిపోయిందేమో అనుకున్నాను. మర్చిపోయిందే. డాక్టరమ్మ బల్ల కింద నుంచి బ్రాందీ సీసా అడిగి తెచ్చుకుంది.

ఆస్పత్రిలో నేను అమ్మను ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక కూడా అనకూడదనే అనుకున్నాను. బట్టల కోసం అలమారా తెరిచాను. సీసా మళ్ళీ కర్పూరం పక్కన కొలువు తీరి ఉంది.

"అమ్మా, ఇంకా దీన్ని ఉంచావా!"

"ఉంచక? మోతాదు ఎక్కువైపోనాది, నా తప్పే. అంతమాత్రాన మందుది తప్పా? ఆ డాక్టరమ్మకి ఏటి తెలుసు, ఈళ్ళకి అన్నీ దారూయే. మన ఇళ్ళల్లో ఎంతమంది గుంటలు దీంతో బతకలేదు?"

నాకు కోపం నెత్తికెక్కింది. నా కోపం అమ్మ నుంచి వచ్చిందే, ఎవర్నీ నొప్పించకుండా ఉండటం మా ఇద్దరికీ చేతకాదు. "ఇంకో నెలలో నేను స్కూలుకి పోవాలి. ఈ సీసా ఉన్న ఇంట్లో పిల్లని ఎలా వదిలి పోనమ్మా? అది సారాయే. పేరు మార్చుకున్న సారా," అన్నాను.

"నా ఇంట్లో సారా ఉందంటావా? నా మొహం మీదే?"

అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సారా అన్న మాట ఆవిడకు తగిలినంతగా, పిల్ల ప్రాణం మీదికి వచ్చిన సంగతి తగల్లేదేమోనని నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఆవిడ చేత ఒప్పించకుండా వదలకూడదనుకున్నాను. ఒప్పుకుంటే గాని పిల్లను ఆవిడ చేతుల్లో పెట్టలేను. నా పెట్టె అడుగు నుంచి బి.ఎ. రోజుల నాటి లావు ఇంగ్లీషు నిఘంటువు తీశాను.

పీట వేసుకుని అమ్మ ఎదురుగా కూర్చుని బ్రాందీ దగ్గర తెరిచాను. చిన్న అక్షరాలు. మొదట మాట అర్థం, తర్వాత ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో. ఆ రెండో భాగం నేను కూడా అప్పటిదాకా చదవలేదు.

"ఇది ఇంగ్లీషు మాట కూడా కాదే అమ్మా. డచ్చివాళ్ళు పెట్టిన పేరు."

"ఆళ్ళెవరు?"

"ఒలందావాళ్ళు. మీ భీమిలిలో గోరీలు ఉన్నాయే, వాళ్ళు."

అమ్మ కాస్త మెత్తబడింది. చిన్నప్పుడు ఆ ఒలందా దొరల గోరీల మధ్య ఆడుకున్నదే. "ఆళ్ళు పెట్టిన పేరా? ఏటి దాని అర్థం?"

"కాల్చిన ద్రాక్షసారా."

అది అచ్చం వాళ్ళ భాషలో ఉన్న మాటే. ఒక మాట కాల్చడం, రెండో మాట ద్రాక్ష సారాయం. ఓడల్లో వచ్చినవాళ్ళు, మా అమ్మ పుట్టిన తీరంలో సమాధులైనవాళ్ళు, ఉన్నదున్నట్టు పెట్టిన పేరు. వాళ్ళు దాచలేదు. తర్వాత ఆ మాట అరిగి అరిగి పొట్టిదై, ఇంగ్లీషువాళ్ళ నోట్లోంచి మా క్వార్టరుకు వచ్చేసరికి అందులో మాకు కాల్చడమూ వినబడలేదు, సారాయీ వినబడలేదు.

"ద్రాచ్చపళ్ళని కాలుస్తారా?" అంది అమ్మ.

"పళ్ళని కాదు. పళ్ళ రసాన్ని పులియబెడతారు. దాన్ని రాగి పాత్రలో పోసి కింద మంట పెడతారు. ఆవిరి పైకి వస్తుంది. ఆ ఆవిరిని గొట్టంలో పోనిచ్చి చల్లబరిస్తే చుక్క చుక్కగా కిందికి దిగుతుంది. ఆ దిగిందే బ్రాందీ."

గెలిచానన్న పొగరుతో నేను ఇంకా ఏదో చెప్పబోతున్నాను. అమ్మ మొహం చూసి ఆగిపోయాను. ఆవిడ నన్ను చూడటం లేదు. చేతులతో గాలిలో ఏదో పెడుతోంది, ఒకదాని మీద ఒకటి.

"కింద కుండ," అంది. "దాని మీద ఇంకో కుండ. పైన సన్నీళ్ళ మూకుడు. మూకుడు వేడెక్కితే నీళ్ళు మార్చాల. మా అయ్య సరుగుడు తోటలో బట్టీ పెడితే నీళ్ళు మార్చింది నానే. సుక్క సుక్క దిగేది. మొదట దిగినది అగ్గిపుల్ల గీసి సూసేవాడు."

అలమారా వైపు తిరిగింది.

"ఇదీ మండుద్దా?"

"మండుతుంది," అన్నాను.

అమ్మ లేచి సీసా తీసింది. పోపు గరిటెలో కొంచెం పోసి స్టవ్ మీద పట్టింది. కాస్త వేడెక్కగానే గరిటె అంచున మంట అంటుకుంది. మధ్యాహ్నపు వెలుతురులో అది సరిగా కనబడలేదు. అమ్మ కిటికీకి వీపు పెట్టి, తన నీడలో గరిటె పట్టుకుని చూసింది. నీలం మంట. చప్పుడు లేకుండా మండుతోంది. గరిటె కాడ వేడెక్కి చెయ్యి చురుక్కుమన్నా వదల్లేదు. మంట దానంతట అది ఆరిపోయేదాకా చూసి, గరిటె తొట్టిలో పెట్టి, వంటింటి గడప మీద కూర్చుంది.

"సారాయే," అంది.

అదే కదా నాకు కావలసింది. మీసాలుంటే మెలేసేదాన్ని. దగ్గరికి వెళ్ళి, పోనీలే అమ్మా, ఇప్పటికైనా తెలిసింది, పిల్ల బాగానే ఉంది కదా అందామనుకున్నాను.

"ఆడూ ఇలగే పడుకున్నాడే," అంది అమ్మ.

నా తర్వాత ఇంట్లో ఒక మగపిల్లాడు పుట్టాడని నాకు తెలుసు. తెలుసు, అంతే. ఫోటో లేదు. పేరు పెట్టేలోపే పోయాడు. చలికాలంలో జలుబు చేసి నిద్రలోనే పోయాడని అమ్మ ఒక్క ముక్కలో చెప్పి, ఎప్పుడు అడిగినా మాట మార్చేసేది. అప్పుడు నాకు మూడేళ్ళు. నాకు వాడి ముఖం కూడా గుర్తులేదు.

"రెండు దినాలు ఒకటే ఏడుపు. ఇంత పట్టాను. పడుకున్నాడు. లేపకండి, పాపం ఇప్పుడే పడుకున్నాడు అని అందరికీ సెప్పాను. మీ నాన్నని కూడా ముట్టుకోనీలేదు."

 చేతిలో నిఘంటువు ఇంకా తెరిచే ఉంది. దాన్ని మూసి వెనక దాచుకున్నాను, చిన్నపిల్లలా. "కాదమ్మా," అన్నాను. "అది వేరు. వాడికి జ్వరం ఉండి ఉంటుంది. అప్పటి సీసాలు వేరు. ఈ పుస్తకాల్లో రాసేవన్నీ నిజాలు కావమ్మా. ఇందులో ఉన్నది మాట గురించి, అంతే. మాటకి అర్థం ఏదైతేనేం?"

అమ్మ తలెత్తింది. ఆ కళ్ళలో కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని.

"నువ్వే కదే సదివి సెప్పినావు."

నేను ఆవిడ పక్కన గడప మీద కూర్చున్నాను.  పట్టుకుందామని చెయ్యి చాపితే ఆవిడ తన చేతులు రెండూ ఒళ్ళో దాచుకుంది. ఆ చేతుల్ని నన్ను ముట్టుకోనివ్వలేదు.  వర్క్‌షాపు సైరన్ మోగింది. డ్యూటీ అయిపోయిందన్నమాట. అమ్మ ఉలిక్కిపడి, కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని లేచింది. సీసాలో మిగిలింది తూములో పోసి, దాని మీద రెండు చెంబుల నీళ్ళు కుమ్మరించింది.

"మీ నాన్నకి సెప్పకు," అంది నాకు వీపు తిప్పి. "ఆడికి పట్టిన సీసా తెచ్చింది ఆయనే."

నాన్న వచ్చాడు. సైకిల్ గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కుని, తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ ఉయ్యాలలోకి తొంగి చూశాడు. పిల్ల నిద్రపోతోంది. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూశాడు. చూసి మా వైపు తిరిగాడు.

"గుంట ఎలగుంది?"

"బాగుంది," అన్నాం ఇద్దరం.